ఈమ్యాక్స్ టెర్మినల్‌లో తెలుగు టైప్ చేయబోతే ప్రోగ్రామే ఆగిపోతోంది

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా జిల్లా ఊళ్ల పేర్లు ఎక్కించడానికి పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఈమ్యాక్స్ ఎడిటర్‌లోనే ఆన్సీ-టర్మ్ (దాని లోపలే తెరుచుకునే టెర్మినల్, అంటే కమాండ్లు నడిపే చోటు) తెరిచి నడుపుతాను. మామూలు ఫైల్లో కంట్రోల్-బ్యాక్‌స్లాష్ కొడితే తెలుగు-ఐట్రాన్స్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) చక్కగా వస్తుంది. టెర్మినల్‌లో అదే కొడితే 'క్విట్' అని చూపించి ప్రోగ్రామ్ పోతోంది. నిన్న నలభై పేర్లు ఎక్కించాక ఇలా అయింది, ఏడుపొచ్చేసింది.

జవాబు: అయ్యో, నలభై పేర్లా! మీ తప్పేం లేదండి. ఆన్సీ-టర్మ్ తెరవగానే క్యారెక్టర్ మోడ్‌లో ఉంటుంది. మీరు నొక్కిన ప్రతి మీటా దాదాపు నేరుగా లోపలి ప్రోగ్రామ్‌కే పోతుంది. యునిక్స్ టెర్మినళ్లలో కంట్రోల్-బ్యాక్‌స్లాష్ అంటే 'ఆగిపో' అనే సిగ్నల్. ఈమ్యాక్స్‌కి ఆ మీట అందనే అందదు, పైథాన్ మాత్రం చచ్చిపోతుంది.

పేరు అడిగినప్పుడు కంట్రోల్-సి, కంట్రోల్-జె కొట్టండి. లైన్ మోడ్‌లోకి వస్తారు, అక్కడ టెర్మినల్ మామూలు బఫర్ (ఈమ్యాక్స్‌లో ఫైల్ తెరుచుకునే చోటు) లాగే ఉంటుంది. ఇప్పుడు కంట్రోల్-బ్యాక్‌స్లాష్ పనిచేస్తుంది. పేరు పూర్తిగా రాసి, తప్పులు దిద్దుకుని, ఎంటర్ కొడితే వరుసంతా ఒకేసారి వెళ్తుంది. వెనక్కి క్యారెక్టర్ మోడ్‌కి రావాలంటే కంట్రోల్-సి, కంట్రోల్-కె. వచ్చే ముందు తెలుగు ఆపేయడం మరవకండి, లేకపోతే తర్వాతి కమాండ్ తెలుగు అక్షరాల్లో పడుతుంది.

ఇంకొకటి, ప్రతి పేరూ అప్పటికప్పుడే ఫైల్లోకి వెళ్లేలా ప్రోగ్రామ్ మార్చండి. నలభై పేర్లు మెమరీలో పెట్టుకుని కూర్చోవడం ప్రమాదం.

మరొకరు: ఇంత తిప్పలెందుకు? సిస్టమ్‌లోనే కీబోర్డ్‌ను తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కి (మీటల మీద నేరుగా తెలుగు అక్షరాలుండే అమరిక) మార్చేస్తే సరిపోదా?

జవాబు: అక్షరాలు వస్తాయండి, షార్ట్‌కట్లతోనే చిక్కు. ఇన్‌స్క్రిప్ట్‌లో సి మీట మీద 'మ' ఉంటుంది. మీరు కంట్రోల్-సి నొక్కితే ఈమ్యాక్స్‌కి కంట్రోల్-మ అని అందుతుంది, అలాంటి షార్ట్‌కట్ లేదంటుంది. ప్రతిసారీ లేఅవుట్ మారుస్తూ ఉండాలి. ఐట్రాన్స్ లాంటి ఈమ్యాక్స్ సొంత ఇన్‌పుట్ మెథడ్ కంట్రోల్ మీటల జోలికి పోదు, అందుకే నాకదే ఇష్టం.

ప్రశ్న అడిగినవారు: లైన్ మోడ్ పనిచేసింది, చాలా థ్యాంక్స్ అండి! ఒక్కో పేరూ ఫైల్లోకి వెంటనే పడుతోంది కూడా. కానీ 'శ్రీకాకుళం' రాస్తే కర్సర్ అక్షరానికి దూరంగా నిలబడుతోంది. డేటా పాడవుతోందా?

జవాబు: టెన్షన్ పడకండి. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం, లోపల నాలుగు కోడ్‌లు: శ, పొల్లు, ర, దీర్ఘం. టెర్మినల్ గడులు లెక్కపెట్టి గీస్తుంది, మన ఒత్తులు ఆ లెక్కలో సరిగ్గా ఇమడవు. అదే ఫైల్‌ని మామూలు బఫర్‌లో తెరిచి చూడండి. అక్కడ పేరు సరిగ్గా ఉంటే డేటా భద్రంగా ఉన్నట్టే.