పాత పడవ లోపలి కర్రలు పుచ్చిపోయాయి, ఎంతవరకు కోయాలి?

ప్రశ్న (కర్నూలు కుర్రోడు):
అన్నలూ, నాయన చేపలకు వాడిన చెక్క పడవ ఒకటుంది, 22 అడుగులది, ముచ్చుమర్రి దగ్గర (ఇప్పుడది నంద్యాల జిల్లాలోకి పోయిందిలే) శ్రీశైలం వెనక నీళ్ల గట్టున రెండేళ్లుగా అట్లే పడి ఉంది, పైన కప్పింది కూడా ఏమీ లేదు. 2009 వరదలో మా వీధి జనాన్ని దాటించింది ఇదే, అందుకే అమ్మబుద్ధి కావడం లేదు. మొన్న లోపల కాళ్లు పెట్టే పలకలు ఎత్తి చూస్తే వెనకవైపు, ఇంజన్ కూర్చునే చోట, పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలు మూడు మెత్తబడి ఉన్నాయి, స్క్రూడ్రైవర్ పెడితే ఉడికిన గెనుసుగడ్డలో దిగినట్టు దిగుతోంది. బయటి పలకలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. లప్పం పెట్టి రంగేస్తే ఈ ఏడాది గడుస్తుందా?

జవాబు (నందికొట్కూరు అన్న):
గడుస్తుంది తమ్ముడూ. బాగా ఎండనిచ్చి లప్పం కూరు, పైన రెండు కోట్లు రంగు కొట్టు. ఊరికే టెన్షన్ పడొద్దు.

జవాబు (పాత బాడిసె):
పై అన్న ఏమీ అనుకోవద్దు గానీ, లప్పం ఇంటి కిటికీకి పనికొస్తుంది, ఇంజన్ బరువు మోసే కర్రకు కాదు. లోపల బూజు బతికే ఉంటుంది, నువ్వు దానికి పైన మూత పెట్టినట్టు అవుతుంది, అంతే.

ముందు ఇది యాడి నుంచి వచ్చిందో చూడు. ఏటి నీళ్ల వల్ల పుచ్చిందని అందరూ అనుకుంటారు, కాదు. కట్టెను తినే బూజుకు తడితోపాటు గాలి కూడా కావాలి. సంగమేశ్వరం గుడిలో వేపదారు లింగం (వేపకట్టెతో చేసిన శివలింగం) ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే మునిగి ఉండి, ఎండాకాలం డ్యాములో నీళ్లు తగ్గాక బయటికొస్తుంది, పుచ్చిందా? స్వామి మహిమ అంటే కాదనను, కట్టె లెక్క కూడా అదే చెబుతుంది. నీ పడవను చంపింది లోపల నిలిచిన వాన నీళ్లు. ప్రతి పక్కటెముక అడుగున నీళ్లు పారడానికి వేలు పట్టేంత కంత ఒకటి ఉంటుంది, అది పూడిపోయి ఉంటుంది చూడు.

ఇక కోయడం. చిన్న సుత్తితో కొట్టుకుంటూ పో, మంచి కట్టె ఖణేల్మంటుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. దబ్బనంతో పొడిచి పైకి లేపితే మంచి కట్టె పొడుగాటి పేడులా లేస్తుంది, పుచ్చింది పుటుక్కున పొట్టిగా తెగుతుంది. గట్టి కట్టె తగిలిన చోట ఆగకుండా ఇంకో అరడుగు దాటి కోయి, బూజు కంటికి కనపడని చోటికి ముందే పోయి ఉంటుంది. మేకుల చుట్టూ నల్లటి మరక ఉండి, మేకు చేత్తో కదులుతుంటే అదింకో రోగం, తుప్పు పట్టి ఇనుము కట్టెను తింటోందని అర్థం, ఆ మేకు తీసేసి పక్కన కొత్త రంధ్రంలో కొత్త మేకు వెయ్యి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు: మూడూ ఒకేసారి పీకొద్దు. ఇంజన్ దించు, పడవ అడుగున నాలుగైదు చోట్ల దిమ్మెలు పెట్టి బరువు సమంగా కూర్చునేలా చెయ్యి, తర్వాత ఒకటి తీసి దాని బదులు బిగించాకే రెండోది ముట్టుకో. లేకపోతే పడవ ఒళ్లు విరుచుకుంటుంది, ఆ ఆకారం మళ్లీ రాదు.

ప్రశ్న (కర్నూలు కుర్రోడు):
మొత్తం కర్ర మార్చకుండా పక్కన తోడు కర్ర వేస్తే సరిపోదా? ఇంకోటి, ఎపాక్సీ (జిగురులో హార్డనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడేది) మన ఎండకు పట్టుకుంటుందా?

జవాబు (పాత బాడిసె):
తోడు కర్ర వెయ్యొచ్చు, పుచ్చింది పూర్తిగా తీసేశాకే. పుచ్చిన దాని ఆనుకొని కొత్తది బిగిస్తే ఏడాదిలో రెండూ పోతాయి. దెబ్బ తిన్న చోటికి అటూ ఇటూ అడుగున్నర, రెండడుగులు దాటి ఉండాలి. మూడు తోడు కర్రల కొసలు ఒకే పలక మీద ఆగకూడదు, బోల్టులు ఒకే గీత మీద కొట్టొద్దు, చీలుతుంది.

ఎపాక్సీ పట్టుకుంటుంది, మరీ తొందరగా పట్టుకుంటుంది, అదీ సమస్య. కర్నూలు ఏప్రిల్ ఎండలో మగ్గు నిండా కలిపావనుకో, బ్రష్ ముంచేలోపే మగ్గు వేడెక్కి పొగలొస్తుంది. పొద్దున్నే కొంచెం కొంచెంగా, వెడల్పాటి పళ్లెంలో కలుపు, నెమ్మదిగా గట్టిపడే హార్డనర్ అడిగి తీసుకో. హార్డనర్ ఎక్కువ పోస్తే బలం పెరగదు, డబ్బా మీద కొలత ఎంతుంటే అంతే. టేకు వాడితే నూనె ఉంటుంది, అసిటోన్‌తో తుడిచి వెంటనే అంటించు.

బయటి పలకల సందులు ఎండకు విచ్చుకొని ఉంటే వాటిల్లో ఎపాక్సీ కూరొద్దు. నీళ్లలో దిగాక పలకలు ఉబ్బి అవే మూసుకుంటాయి, మధ్యలో గట్టి బిళ్ల ఉంటే అవి నీ కొత్త కర్రలనే నెడతాయి.

ప్రశ్న (కర్నూలు కుర్రోడు):
ఈరోజు మొదటిది కోశాను. మీరన్న కంతలో బంక మన్ను, ఎండిన పొలుసులు, నీలం వల ముక్క ఒకటి, తీగతో లాగితే వచ్చింది. అడితిలో అడిగితే వంపు కర్ర లేదన్నారు. మా చేను గట్టున తుమ్మకు సరిగ్గా అదే వంపు కొమ్మ ఉంది, కొట్టుకొచ్చేదా?

జవాబు (పాత బాడిసె):
వంపు కొమ్మ మంచిదే, కట్టె పొర వంపుతోపాటు తిరిగి ఉంటుంది, తిన్నని పలకలోంచి వంపు కోస్తే పొర తెగి అక్కడే విరుగుతుంది. కానీ పచ్చిది ఇప్పుడు బిగిస్తే ఎండేటప్పుడు చీలుతుంది, బోల్టులు వదులవుతాయి. కొమ్మ కొట్టి, కొసలకు రంగు పూసి, నీడన పడేసి ఉంచు, ముందు ముందు పనికొస్తుంది. ఇప్పటికి సామిల్లులో ఆరిన చేవ టేకును 5 మిల్లీమీటర్ల పట్టీలుగా కోయించు, పాత కర్రను అట్ట మీద పెట్టి గీసుకొని, ఆ వంపుకు మేకులు కొట్టిన చెక్క మీద పట్టీలు ఒకదానిపై ఒకటి అంటించి క్లాంపులు బిగించు. క్లాంపులు పది తక్కువ కాకుండా తెచ్చుకో, మొదలుపెట్టాక మధ్యలో బజారుకు పరిగెత్తలేవు.