పబ్లిక్ ఐ మళ్లీ చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? బొమ్మ ఎందుకు తేడాగా వస్తోంది?

శ్రావణమేఘం:
ఆల్‌ఫ్రెడ్ బర్క్ ఫ్రాంక్ మార్కర్‌గా వేసిన బ్రిటిష్ ప్రైవేట్ డిటెక్టివ్ టీవీ సిరీస్ పబ్లిక్ ఐ (1965–75) మళ్లీ వరసగా చూద్దామని రీజియన్ 2 (యూరప్‌లో అమ్మే) డీవీడీలు పెట్టాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మొదటి మూడు సిరీస్‌లలో (అంటే సీజన్లలో) చెరిగిపోకుండా మిగిలిన ఎపిసోడ్లు ముందు చూడాలా, లేక నేరుగా 1969కి వెళ్లిపోవాలా? 1971 సిరీస్ కలర్ అన్నారు గానీ కొన్ని ఎపిసోడ్లు నలుపు తెలుపులో ఉన్నాయి. డిస్కు లోపమా? టీవీలో మొహాలు అడ్డంగా సాగుతున్నాయి. కంప్యూటర్లో చూస్తే ఎవరు కదిలినా అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి గీతలు. గదిలో సీను నున్నగా, వీధిలోకి రాగానే గరుగ్గా మారిపోతోంది. ఇవన్నీ ఒకే సమస్యా, వేర్వేరా?

ఇంకోటి. బ్రైటన్ ఊళ్లో జరిగే 1969 ఎపిసోడ్లలో మార్కర్ పోలీసు నీడ పడితేనే వెనక్కి తగ్గుతాడు. జైలు శిక్ష అయిపోయాకే కదా బయటికొచ్చింది?

పాతరీలు:
1969 నుంచే మొదలుపెట్టండి. ఎందుకో చెప్తాను.

ఏబీసీ అనే బ్రిటిష్ టీవీ కంపెనీ 1965–68 మధ్య తీసినవి మూడు సిరీస్‌లు, మొత్తం 41 ఎపిసోడ్లు. వాటిలో ఇప్పుడు ఉన్నవి ఐదే: మొదటి సిరీస్‌వి రెండు, రెండోదానిది ఒకటి, మూడోదానివి రెండు. అప్పటి రెండంగుళాల వీడియో టేపు ఖరీదైన సరుకు, చెరిపేసి మళ్లీ వాడుకునేవాళ్లు. నటుల సంఘంతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకూ పరిమితులుండేవి కాబట్టి దాచిపెట్టడంలో లాభం ఎవరికీ కనబడలేదు. ఈ ఐదూ ఒకదానితో ఒకటి అతికేవి కావు. మార్కర్ లండన్‌లో ఉన్నవి కొన్ని, బర్మింగ్‌హామ్‌కి మారాక కొన్ని. వీటితో మొదలుపెడితే సిరీస్ గురించి తప్పుడు అంచనా వస్తుంది. 1969వి అయ్యాక వెనక్కొచ్చి చూస్తే మాత్రం రుచిగా ఉంటాయి.

1968లో ఏబీసీ, రీడిఫ్యూజన్ అనే ఇంకో టీవీ కంపెనీ కలిసి థేమ్స్ అయ్యాయి. మూడో సిరీస్ చివర్లో దొంగనగల వ్యవహారంలో మార్కర్ జైలుకెళ్తాడు. థేమ్స్ వాళ్ల నాలుగో సిరీస్ (1969) అక్కడినుంచి అందుకుంటుంది. ఇవి ఏడే ఎపిసోడ్లు, అన్నీ రోజర్ మార్షల్ ఒక్కడే రాశాడు. పేరుకి విడివిడి కేసులు, నిజానికి ఒకే కథ. "వెల్‌కమ్ టు బ్రైటన్?" నుంచి "ఎ ఫిక్స్‌డ్ అడ్రస్" దాకా వరస తప్పొద్దు. ముఖ్యంగా ఇంటి యజమానురాలు హెలెన్ మార్టిమర్‌తో (పాలిన్ డెలానీ) పరిచయం ఒక్కో ఎపిసోడ్‌కీ ఒక్కో అంగుళం కదులుతుంది, ఒకటి దాటేస్తే ఆ పట్టు పోతుంది. ఆ తర్వాతి మూడు సిరీస్‌లు తలా 13, అన్నీ ఉన్నాయి. అంటే మొత్తం 87లో 46 ఏ లోటూ లేకుండా చూడొచ్చు.

నలుపు తెలుపు ఎపిసోడ్లు డిస్కు లోపం కాదు. ఐటీవీలో (ఈ సిరీస్ వచ్చిన బ్రిటిష్ వాణిజ్య టీవీ) కలర్ 1969 నవంబరు 15న మొదలైంది. కలర్ పరికరాల మీద పని చేసినందుకు అదనపు డబ్బు ఇవ్వాలని 1970 నవంబరు నుంచి 1971 ఫిబ్రవరి దాకా టెక్నీషియన్లు కలర్‌లో తీయడం మానేశారు. ఆ రోజుల్లో రికార్డయిన ఎపిసోడ్లు అలాగే మిగిలాయి. టీవీలో రంగు పెంచి చూడకండి, అక్కడ రంగే లేదు.

గది, వీధి తేడా కూడా తయారీలోదే. లోపలి సీన్లు స్టూడియోలో ఎలక్ట్రానిక్ కెమెరాలతో టేపు మీద, బయటివి ఎక్కువగా 16 మి.మీ. ఫిల్ము మీద. గరుకు అంటే ఫిల్ము గ్రెయిన్. అప్పటి బ్రిటిష్ టీవీ డ్రామాల్లో చాలావాటికి ఇదే తంతు. టేపు ఎడిటింగ్ కష్టమైన పని కాబట్టి మైకు నీడలు, తడబడిన డైలాగులు కూడా వదిలేసేవాళ్లు. బర్క్ తడబాటు పాత్రలో కలిసిపోతుంది, అది వేరే సంగతి.

సగంఫీల్డు:
సాగడం, గీతలు మాత్రం మీ సెట్టింగుల తప్పే. రెండూ వేర్వేరు.

సాగడం: కార్యక్రమం వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3, టీవీది 16:9. ప్లేయర్ మెనూలో టీవీ ఆకారం 16:9 అని సరిగ్గా చెప్పి, టీవీలో బొమ్మ సైజు "4:3" లేదా "ఒరిజినల్" పెట్టండి. ఇరువైపులా నల్ల పట్టీలు రావాలి. "జూమ్" పెడితే పట్టీలు పోతాయి, వాటితోపాటు తలల పైభాగమూ పోతుంది. ఫైలుగా మార్చేటప్పుడు ఇంకో చిక్కుంది: పాల్ (యూరప్ టీవీ ప్రమాణం) డీవీడీ బొమ్మ 720×576, కానీ దాని పిక్సెళ్లు చతురస్రాలు కావు. 768×576గా కనిపించాలి. ఆ గుర్తు ఫైల్లోకి రాకపోతే మొహాలు కాస్త సన్నబడతాయి.

గీతలు: స్టూడియో టేపులో సెకనుకి 25 ఫ్రేములు కాదు, 50 ఫీల్డులుంటాయి. ఒక్కో ఫీల్డులో సగం గీతలే, పైగా ఒక్కోటి వేరే క్షణానిది. రెండిటినీ కలిపి ఒకే ఫ్రేముగా చూపిస్తే కదిలే అంచు దగ్గర పళ్లు వస్తాయి. వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్లేస్ (ఫీల్డుల్ని విడదీసి పూర్తి ఫ్రేములు చేసే సౌకర్యం) "ఆన్" చేసి, మోడ్ "యాడిఫ్ 2ఎక్స్" ఎంచుకోండి. మామూలు "యాడిఫ్" పెడితే గీతలు పోతాయి గానీ 25 ఫ్రేములే మిగులుతాయి. స్టూడియో సీన్లలోని ఆ ప్రత్యక్ష ప్రసారపు చురుకుదనం చచ్చిపోతుంది. "బ్లెండ్" అసలు వద్దు, రెండు క్షణాలు ఒకదానిమీద ఒకటి పడి దయ్యాల్లా కనిపిస్తాయి.

హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫైలుగా మార్చుకునేవాళ్లు డీఇంటర్లేస్ కింద "బాబ్" ఎంచుకుని ఫ్రేమ్ రేటు 50కి పెట్టాలి. కదలిక ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంటే ఫీల్డుల వరస తలకిందులైందని అర్థం. పాల్ డిస్కుల్లో చాలావరకు పై ఫీల్డు ముందు.

ఒక మినహాయింపు: టెలిరికార్డింగులు. అంటే మానిటర్ ముందు ఫిల్ము కెమెరా పెట్టి తీసిన కాపీలు. ఆ దశలోనే 25 ఫ్రేములైపోయాయి కాబట్టి 2ఎక్స్ పెట్టినా అదనంగా వచ్చేదేమీ లేదు.

టీవీలో మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ ఆపేయండి. నాయిస్ రిడక్షన్ గ్రెయిన్‌ని చెత్త అనుకుని తుడిచేస్తే వీధి సీన్లలో మొహాలు మైనపు బొమ్మలవుతాయి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. కలర్ ఎపిసోడ్లలో దీపం కదిలితే వెనక తోక మిగలడం, నలుపు తెలుపువాటిలో వెలుగు చుట్టూ నల్లటి వలయం ఇవన్నీ కెమెరా ట్యూబుల గుణం. ఏ మీటా వాటిని తీసేయలేదు.

వాయిదాలమనిషి:
శ్రావణమేఘం గారూ, శిక్ష అయిపోలేదు. మార్కర్ పెరోల్ మీద, అంటే శిక్ష పూర్తికాకముందే షరతులతో బయటికొచ్చాడు.

ఇంగ్లండులో పెరోల్ 1967 క్రిమినల్ జస్టిస్ చట్టంతో వచ్చింది, అమలు 1968 ఏప్రిల్ నుంచి. శిక్షలో మూడోవంతు లేదా 12 నెలలు, ఏది ఎక్కువైతే అది గడిచాక లైసెన్సు మీద వదలొచ్చు. షరతు తప్పితే మళ్లీ లోపలికే. 1969లో చూసినవాళ్లకి ఇది కొత్త ఏర్పాటు, అందుకే విడుదలైనవాళ్లని కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ అధికారి అంతసేపు కనిపిస్తాడు. మార్కర్‌ది పిరికితనం కాదు, లెక్క.

పని గురించి కూడా ఒక మాట. పాత విడాకుల చట్టంలో వ్యభిచారం, క్రూరత్వం, వదిలేసి పోవడం లాంటి తప్పు రుజువు చేయాలి. ప్రైవేట్ డిటెక్టివ్‌లకి తిండి పెట్టింది అదే: హోటల్ గది ముందు కాపలా, కోర్టులో సాక్ష్యం. 1969 విడాకుల సంస్కరణ చట్టం 1971 జనవరి 1న అమల్లోకొచ్చి, కాపురం కోలుకోలేనంతగా చెడిందన్నదే ఏకైక ఆధారం చేసింది. దాన్ని చూపించడానికి ఐదు దారులు, అందులో వ్యభిచారం ఒకటి. రెండేళ్లు విడిగా ఉండి ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకోటి. అంటే కీహోలు పని పూర్తిగా పోలేదు, అవసరం తగ్గింది. విండ్సర్ ఊళ్లో జరిగే 1971, 1972–73 ఎపిసోడ్లు ఈ మార్పు తర్వాత ప్రసారమైనవని గుర్తుపెట్టుకుని చూడండి.

డబ్బు మాటలకి: 1971 ఫిబ్రవరి 15కి ముందు పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. గినీ అంటే 21 షిల్లింగులు. ఫీజు గినీల్లో చెప్పడం పెద్దమనిషి తరహా, వృత్తి గౌరవం కోసం. ఆ రోజుల్లో అక్కడ ప్రైవేట్ డిటెక్టివ్‌కి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు కూడా, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు.

శ్రావణమేఘం:
2ఎక్స్ పెట్టగానే గీతలు పోయాయి, 4:3 కూడా కుదిరింది. బ్రైటన్ ఏడూ అయ్యాక 1971కి వెళ్లాలా, 1975కి దూకినా పర్లేదా?

పాతరీలు:
దూకొద్దు. 1971, 1972–73 రెండూ విండ్సర్ చుట్టూనే. అక్కడ డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ ఫర్బ్యాంక్ (రే స్మిత్) వస్తాడు. వీళ్లిద్దరిదీ స్నేహమూ కాదు, శత్రుత్వమూ కాదు, ఈ సిరీస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. 1975లో రాన్ గాష్‌తో (పీటర్ చైల్డ్స్) భాగస్వామ్యం ఎందుకు నడవదో అర్థం కావాలంటే, అంతకుముందు మార్కర్ ఒంటరిగా ఎలా పని చేశాడో చూసి ఉండాలి. తొందరగా ఉంటే 1972లోంచి "ద మ్యాన్ హూ సెడ్ సారీ" ఒక్కటీ ముందే చూసేయండి, దాదాపు మొత్తం ఇద్దరు మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకోవడమే. దానికి ముందు ఏమీ తెలియక్కర్లేదు.

సగంఫీల్డు:
ఒక జాగ్రత్త. ఈ డిస్కులు వేసిన నెట్‌వర్క్ సంస్థ 2023లో మూతపడింది, పాడైతే మార్చి ఇచ్చేవాళ్లు లేరు. పాతవి కొంటే మొదటి ఎపిసోడ్ ఆడించి ఊరుకోకుండా ప్రతి డిస్కునీ చివరిదాకా కంప్యూటర్లోకి కాపీ చేసి చూడండి. డీవీడీ లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది, చేతులు పడి పాడయ్యేది బయటి అంచు. రెండు పొరల డిస్కులో రెండో పొర ఎక్కువగా ఆ అంచు నుంచే మొదలవుతుంది, కాబట్టి మధ్యలో ఆగినా అక్కడే చూడండి. ముందు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు.