సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న మా తమ్ముడికి షుగర్ వచ్చింది, భోజనం విషయంలో సలహా కావాలి

మేము చెన్నైలోని వేళచ్చేరిలో ఉంటున్నాము. సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటే ఊపిరితిత్తులలో, క్లోమంలో చిక్కని జిగురు పేరుకుపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. సిస్టిక్ ఫైబ్రోసిస్‌తోనే పెరిగి పెద్దవాడైన మా తమ్ముడికి ఇప్పుడు 27 ఏళ్లు. కొన్ని నెలలుగా చిక్కిపోతూ 43 కిలోలకు వచ్చాడు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) పరీక్షలో తేడా ఏమీ కనిపించలేదు గాని, గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటల తరువాత చేసిన రక్తపరీక్షలో 226 వచ్చింది. ఈ జబ్బులో క్లోమం దెబ్బతిని ఇన్సులిన్ తగ్గిపోవడం వల్ల వచ్చే షుగర్ వేరని, ఇన్సులిన్ తీసుకోవాలే తప్ప తిండి తగ్గించకూడదని ఊపిరితిత్తుల డాక్టరుగారు చెప్పారు. మరొక క్లినిక్‌లో మాత్రం షుగర్ రోగులందరికీ ఇచ్చే కాగితమే చేతికిచ్చి అన్నం, నెయ్యి మానమన్నారు. ఇది నాకు సరి అనిపించడం లేదు. తిన్నది అరగడానికి ఎంజైము మాత్రలు వేసుకుని, పప్పన్నంలో నెయ్యి కలుపుకొని, చెమటలో పోయే ఉప్పు కోసం ఉప్పు మజ్జిగ తాగే పిల్లవాడు నిన్న రాత్రి నెయ్యిగిన్నెను పక్కకు జరిపి, కంచం ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

ఇటువంటి షుగర్ ఉన్నవారు గాని, వారి ఇంటివారు గాని దయచేసి చెప్పండి. తినే అన్నాన్ని బట్టి ఇన్సులిన్ మోతాదు లెక్కకట్టడం మీకు ఎవరు నేర్పారు? పెద్దవయసులో ఉన్న ఇలాంటి రోగులను ఊపిరితిత్తుల డాక్టరు, షుగర్ డాక్టరు కలిసి చూసే ఆసుపత్రి చెన్నైలో గాని, బెంగళూరులో గాని ఉన్నదా? ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించమన్నారు. మీరు ఎన్నాళ్లకొకసారి చేయిస్తున్నారు?