క్లాష్ ఆఫ్ క్లాన్స్ పదేళ్ల పిల్లలకు తగినదేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఫోన్ ఆట కావాలని పట్టుబడుతున్నాడు. ఊళ్ల మీద దాడులు, అస్థిపంజరాలు చూసి మనసొప్పడం లేదు. ఆడినవారు సలహా చెప్పగలరా?

జవాబు 1: హింస గురించి అంత బెంగ అక్కర్లేదండీ. నెత్తురు కనబడదు, సైనికుడు పడిన చోట చిన్న సమాధిరాయి మిగులుతుంది, అంతే. నా అభ్యంతరమల్లా జెమ్స్ (ఆటలో వాడే రత్నాలు) మీదే: స్థాయి పెరిగేకొద్దీ ఒక్కో కట్టడానికి రోజుల తరబడి ఆగాలి, ఆగలేనివారు డబ్బుతో కొన్న జెమ్స్ ఖర్చుపెట్టి తక్షణం పూర్తి చేసుకోవచ్చు. పిల్లలకు లేనిదే ఆ ఓపిక. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

జవాబు 2: ఆటలో మన ఊరు కట్టుకుంటూ, టౌన్ హాల్ (ఊరికి ముఖ్యమైన కట్టడం) ఎక్కడ పెట్టాలి, గోడలు ఎలా కట్టాలి అని ఆలోచించడం మంచిదే. కానీ మనం ఆడనప్పుడు ఇతరులు ఊరిని దోచుకోగలరు కాబట్టి, పిల్లవాడి ధ్యాస ఫోన్ మీదే ఉంటుంది. క్లాన్ (ఆటగాళ్ల జట్టు) చాట్‌లో ముక్కూమొహం తెలియనివారుంటారు. చేర్చేటట్లయితే బంధువుల పిల్లల క్లాన్‌లోనే చేర్చండి.