సెమిస్టర్‌కి ఒకేసారి వచ్చే స్కాలర్‌షిప్‌ని చివరిదాకా ఎలా లాక్కురావాలి?

ప్రశ్న

అందరికీ నమస్తే. వచ్చే నెల పీజీలో చేరుతున్నాను. ఇల్లు వదిలి ఉండటం ఇదే మొదటిసారి. స్కాలర్‌షిప్ సెమిస్టర్‌కి ఒకసారి, మొత్తం ఒక్కసారే పడుతుంది. ఇంటి నుంచి నెలనెలా కొంచెం పంపుతారు, అంతకంటే అడగలేను. ఇప్పటికి నేను వేసుకున్న ప్లాన్: మొత్తాన్ని నెలలతో భాగించి, 50 శాతం అవసరాలకి, 30 సరదాలకి, 20 పొదుపుకి. ఇది నడుస్తుందా? చదువు కంటే డబ్బు మధ్యలో అయిపోతుందేమోనన్న టెన్షనే ఎక్కువగా ఉంది.

జవాబు 1

ఆ 50-30-20 లెక్క పక్కన పెట్టేయండి. నెలనెలా జీతం వచ్చేవాళ్లకి అది బాగుంటుంది. విద్యార్థికి అద్దె, తిండి, ప్రయాణం కలిస్తేనే సగం దాటిపోతుంది. అందులో ఇమడలేకపోయినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం తప్ప ఉపయోగం ఉండదు.

నేను రిసెర్చ్ చేస్తున్నాను. చాలాకాలంగా అద్దె గదుల్లోనే ఉంటున్నాను. నా స్టైపెండ్ కూడా ఒకేసారి పడుతుంది, అదీ ఆలస్యంగా. అందుకే నా లెక్కలన్నీ నెలల్లో కాకుండా వారాల్లో ఉంటాయి.

ఎంత వస్తుందో మీకు తెలుసు కదా, మళ్లీ ఎప్పుడు వస్తుందో చూడండి. ఈ స్కాలర్‌షిప్ పడిన రోజు నుంచి వచ్చేది పడే రోజు దాకా ఎన్ని వారాలో లెక్కపెట్టండి. క్లాసులు జరిగే వారాలొక్కటే లెక్కేస్తే చాలదు. పరీక్షలు, సెలవులు, రిజల్ట్స్ కోసం ఎదురుచూసే రోజులు కూడా తినాల్సిన రోజులే.

ఉదాహరణకి చేతికొచ్చింది 1000 అనుకుందాం. అద్దె, కరెంటు, ఫోన్ కలిపి 540. ప్రయాణాలకి 60. పుస్తకాలు, ప్రింట్లు, పరీక్ష ఫీజులకి 60. జబ్బు చేస్తేనో, ల్యాప్‌టాప్ పాడైతేనో అని 80. మిగిలింది 260. మళ్లీ డబ్బు పడటానికి 26 వారాలుంటే వారానికి 10. అదే క్లాసులు జరిగేది 18 వారాలే కదా అని భాగిస్తే వారానికి 14 పైనే కనిపిస్తుంది. కానీ ఆ చివరి 8 వారాలకి చేతిలో ఏమీ ఉండదు. నేనైతే ఇంకో రెండు వారాలు కలిపి 28తో భాగిస్తాను, డబ్బు చెప్పిన తేదీకి పడుతుందని నమ్మను. అప్పుడు వారానికి 9 చిల్లర వస్తుంది. ఆ కొంచెం తగ్గింపు ముందు నుంచీ అలవాటైతే బాధ తెలియదు.

ఇంటి నుంచి వచ్చేదాన్ని కూడా నాలుగుతో భాగించకండి. నెలకి నాలుగు వారాలంటే ఏడాదికి 48 అవుతాయి, ఉన్నవి 52. నెల మొత్తాన్ని 12తో గుణించి 52తో భాగిస్తే అసలు లెక్క వస్తుంది.

ఇక ముఖ్యమైనది, డబ్బు ఎక్కడ ఉండాలనేది. స్కాలర్‌షిప్ పడిన ఖాతాకి పేమెంట్ యాప్ లింక్ చేయకండి, దాని కార్డు జేబులో పెట్టుకోకండి. రోజువారీ ఖర్చుకి ఇంకో ఖాతా ఉంచుకుని, ప్రతి సోమవారం ఆ వారం డబ్బు మాత్రమే అందులోకి వచ్చేలా ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ పెట్టండి. శుక్రవారం పెడితే శని, ఆదివారాల్లోనే సగం పోతుంది, మిగతా ఐదు రోజులు తిండి దగ్గర కోత పడుతుంది. సోమవారం పెడితే వారమంతా గడిచాక మిగిలినదే సరదాలకి వెళ్తుంది. సరదాలకి సున్నా రాసుకోవద్దు. స్నేహితులతో ఎక్కడికీ వెళ్లని బడ్జెట్‌ని ఎవరూ ఎక్కువకాలం పాటించలేరు. వెళ్లకుండా గదిలో ఒంటరిగా కూర్చుంటే చదువూ సాగదు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. డబ్బు సరిపోనప్పుడు మొదట తిండి తగ్గించకండి. తోటివాళ్లు చాలామంది అదే చేయడం చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది.

జవాబు 2

పైన చెప్పింది పూర్తిగా ఒప్పుకుంటాను. గది పంచుకునేవాళ్ల కోసం ఇంకాస్త కలుపుతున్నాను. అద్దె ఒప్పందం ఎన్ని నెలలకో చూసుకోండి. సెలవులకి ఇంటికెళ్లినా అద్దె ఆగదు చాలాచోట్ల. అడ్వాన్స్‌ని ఖర్చుల్లో కాకుండా విడిగా రాసుకోండి. చేరిన రోజే గోడలు, సామాన్లు, కరెంటు మీటర్ రీడింగ్ ఫోటోలు తీసి ఇంటి ఓనర్‌కి మెసేజ్‌లో పంపితే, ఖాళీ చేసేటప్పుడు కోతల మీద గొడవ తగ్గుతుంది. రూమ్మేట్స్‌తో లెక్కలు వారానికోసారి తేల్చుకోండి. రెండు నెలలు పేరుకుపోతే అడగడానికి మొహమాటం, ఇవ్వడానికి ఇబ్బంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఇంకో సందేహం. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఆ నెల క్రెడిట్ కార్డు మీద నడిపించి, పడగానే కట్టేస్తే తప్పా?

జవాబు 1

గడువులోపు మొత్తం కట్టగలిగితే సరే. కానీ డబ్బు ఆలస్యమైందనే కదా కార్డు తీస్తున్నారు, బిల్లు గడువుకైనా పడుతుందని ఎవరు చెప్పగలరు? నెలకి 3 శాతం వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ కలిస్తే ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. బిల్లులో 'కనీస మొత్తం' అని ఒక అంకె ఉంటుంది. అదొక్కటే కడుతూ పోతే అసలు తరగడానికి ఏళ్లు పడుతుంది. కార్డుతో నగదు తీస్తే సాధారణంగా తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు.

దానికంటే ముందు యూనివర్సిటీలో విద్యార్థి సంక్షేమ విభాగానికి వెళ్లండి. అత్యవసర సాయం, ఫీజు వాయిదాలు, హాస్టల్ బకాయికి గడువు లాంటివి చాలాచోట్ల ఉంటాయి. అడగనివాళ్లకి ఎవరూ పిలిచి చెప్పరు. చేతిలో రెండు వారాల డబ్బు ఉండగానే వెళ్లండి, వాళ్ల దగ్గర ఫైలు కదలడానికీ టైమ్ పడుతుంది. స్కాలర్‌షిప్ మంజూరు ఉత్తరం కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి, మొదట అడిగేవి అవే.

ప్రశ్న అడిగినవారు

అకడమిక్ క్యాలెండర్ తీసి లెక్కపెట్టాను, నాకు 25 వారాలు వచ్చాయి. 27తో భాగిస్తున్నాను. సెలవుల్లో కూడా హాస్టల్ అద్దె ఉంటుందా అని రేపు వార్డెన్‌ని అడిగి, దాన్నిబట్టి మిగతాది సరిచేసుకుంటాను.