ఫిబ్రవరి 22న ఓర్వకల్లులో దిగుదామా, వద్దా?

దొనకొండ సెస్నా (ఒంగోలు):
ఫిబ్రవరి 22 ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వర్ధంతి. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయానికి ఉన్నది ఆయన పేరే. ఆ సాయంత్రం కంప్యూటర్లో ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్) నడిపే ఒంగోలు, నెల్లూరు కుర్రాళ్ళమంతా వాట్సిమ్‌లో (సిమ్ పైలట్లు, కంట్రోలర్లు ఆన్‌లైన్‌లో కలిసే నెట్‌వర్క్) అక్కడ దిగేలా ఈవెంట్ పెడదామంటున్నా. రెండో ప్రపంచ యుద్ధం నాడు ఇంగ్లీషోళ్ళు దొనకొండలో వేసిన పాత రన్‌వే నుంచి లేచి, నల్లమల దాటి, ఓర్వకల్లు. సూటిగా పోతే 140 కిలోమీటర్లు ఉంటుంది, చిన్న విమానం సెస్నా 172లో ముప్పావు గంట పని. గ్రూపులో కొందరు వద్దంటున్నారు. ఎందుకో ఇక్కడే చెప్పండి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
వద్దన్నది నేనే. ఆయన్ను ఉరి తీసింది 1847లో. రైట్ సోదరులు ఎగిరింది 1903లో. విమానం మొహమే ఎరగని మనిషికి విమానాలతో నివాళి ఏందన్నా? అమెరికాలో షికాగో ఓహేర్ విమానాశ్రయానికైతే అర్థముంది. బుచ్ ఓహేర్ అమెరికా నేవీ పైలట్. 1942 ఫిబ్రవరి 20న లెక్సింగ్టన్ విమానవాహక నౌక మీదికి వస్తున్న జపాన్ బాంబర్లకు ఎదురెళ్ళాడు. ఐదింటిని కూల్చాడని ఆయన ఖాతాలో రాసి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. మరుసటి ఏడాది నవంబరులో రాత్రిపూట ఎగిరి, మళ్ళీ రాలేదు. 1949లో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. సిమ్‌లో ఆయన నడిపిన వైల్డ్‌క్యాట్ ఫైటర్ వేసుకుని అక్కడ ఎగిరితే ఆయన చేసిన పనే మనమూ కాసేపు చేసినట్టు. మనోళ్ళు చేసేది? చాట్‌లో జోకులు, ఎంత మెత్తగా దిగామో చూపే ల్యాండింగ్ రేటు స్క్రీన్‌షాట్లు.

ఎత్తు 3500 (కావలి):
నీ లెక్కన శంషాబాద్ లాంటివి ఒకటీ అరా పాసవుతాయి, రాజీవ్ గాంధీ నిజంగానే ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ కాబట్టి. ముంబయిలో శివాజీ మహరాజ్‌నీ, బెంగళూరులో కెంపేగౌడనీ పీకేద్దామా? (నెల్లూరు జిల్లాలో కడతామంటున్న మన దగదర్తి విమానాశ్రయం సంగతి ఎత్తొద్దు, రన్‌వేనే లేనిచోట పేరుకు తొందరేం లేదు.)

నాకు అభ్యంతరం తేదీ దగ్గర. ఓహేర్ కథ ఎవరు మొదలెట్టినా ఫిబ్రవరి 20తోనే, అది ఆయన పోరాడిన రోజు. నరసింహారెడ్డిది ఉరి తీసిన రోజు. తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారంటారు. అలాంటి రోజున "బటర్ ల్యాండింగ్ బ్రో" అని, వెన్నలా దిగావంటూ మెచ్చుకుంటామా? మార్చి 28 పెట్టండి, 2021లో ఓర్వకల్లులో రాకపోకలు మొదలైన రోజు.

దొనకొండ సెస్నా:
అది ఎయిర్‌పోర్టు పుట్టినరోజు తమ్ముడూ, ఆయన్ను తలుచుకునే రోజు కాదు. పైగా మార్చి అంటే సగం మందికి పరీక్షల టెన్షన్.

పెన్నా అన్న మాటలో పసుంది, అందుకే రూటు మారుస్తున్నా. దొనకొండలో లేచాక రైలు పట్టాలు పట్టుకుని పోదాం. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు. కంభం చెరువు దాటాక జీపీఎస్ తీసేయాలి. గిద్దలూరు దగ్గరే ఆయన కంపెనీ సైన్యంతో తలపడ్డాడు, తర్వాత తలదాచుకున్నది ఈ నల్లమలలోనే. దిగువమెట్ట తర్వాత పట్టాలు సొరంగంలోకి పోతాయి, కింద అడవి తప్ప గుర్తు ఏమీ దొరకదు. దిక్సూచి, గడియారం చూసుకుంటూ కొండలు దాటాలి. దాటాక కోవెలకుంట్ల. 1846లో ఆయన ఖజానా మీద పడింది అక్కడే, మరుసటి ఏడాది ఉరి తీసిందీ అక్కడే. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగితే ఓర్వకల్లు. మొత్తం 200 కిలోమీటర్లు, గంట పైచిలుకు. ఆయన తిరిగిన నేలను పైనుంచి చూడటానికి ఆయన పైలట్ అయి ఉండాలా?

ఎత్తు 3500:
రూటు అదిరింది. కోవెలకుంట్ల మీద లో పాస్‌లు (నేలకు దగ్గరగా దూసుకుపోవడం) కొడితే మాత్రం ఊరుకోను.

పెన్నా ఒడ్డు:
రూటు బాగుంది, కాదనను. తేదీకి మాత్రం ఒప్పుకోను. 22నే పెడితే నేను ఎగరను. కంట్రోలర్ రేటింగ్ ఉంది కాబట్టి ఓర్వకల్లు టవర్‌లో కూర్చుని మిమ్మల్ని దింపుతా. రేడియో ఫ్రీక్వెన్సీలో జోకులేసినోళ్ళు దిగకుండా పైకి లేచి మళ్ళీ చుట్టు తిరిగి రావాల్సిందే, గో అరౌండ్ అన్నమాట.