పక్కింటాయన బేస్‌బాల్ కార్డుల పెట్టెలు అమ్ముతానంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌కి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. మా బాబుకి తొమ్మిదేళ్లు, స్కూల్లో చేరిన దగ్గర్నుంచి బేస్‌బాల్ పిచ్చి పట్టుకుంది. పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఆయన గరాజ్‌లో రెండు పెద్ద అట్టపెట్టెల నిండా ఆటగాళ్ల బొమ్మలున్న పాత కార్డులున్నాయి. "ముప్పై, నలభై ఏళ్ల నాటివి, 150 డాలర్లకి మొత్తం తీసుకుపో" అంటున్నారు. ఒక్కో పాత కార్డు లక్షల్లో పలుకుతుందని ఆఫీసులో ఒకతను ఊదరగొట్టాడు. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పాలి. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. ఏం చూసి కొనాలి అన్నా?

జవాబు (ప్లేనో నుంచి):

తమ్ముడూ, ఆ "ముప్పై, నలభై ఏళ్ల" దగ్గరే ఉంది తిరకాసంతా. మీ ఆఫీసతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. 1952లో టాప్స్ కంపెనీ వేసిన మికీ మ్యాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకి వేలంలో పోయింది. కానీ ఆ రోజుల్లో పిల్లలు కార్డుల్ని సైకిల్ చక్రాల పుల్లల్లో పెట్టి టపటపలాడించేవాళ్లు, పెద్దయ్యాక అమ్మలు చెత్తలో పడేసేవాళ్లు. మిగిలినవి కొన్నే, అందుకే ఆ రేటు.

ఈ సంగతి తెలిసిన తర్వాతి తరం 1980ల చివర్లో కార్డుల్ని కాలేజీ ఫీజుల కోసమన్నట్టు దాచడం మొదలుపెట్టింది. 1981 దాకా దాదాపు టాప్స్‌దే రాజ్యం. ఆ ఏడాది ఫ్లీర్, డాన్‌రస్ అనే పోటీ కంపెనీలు వచ్చాయి, 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్. అందరూ పోటీపడి అచ్చేశారు, అందరూ జాగ్రత్తగా దాచుకున్నారు. సుమారుగా 1987 నుంచి 1993 దాకా వచ్చిన సరుకుని ఇక్కడివాళ్లు 'జంక్ వ్యాక్స్' అంటారు, అంటే లెక్కకు మించి అచ్చేసిన, విలువలేని సరుకు. సీలు కూడా తీయని డబ్బాలు ఇప్పటికీ చవగ్గా దొరుకుతున్నాయంటే అర్థం చేసుకో. ఇప్పటికి ముప్పై, నలభై ఏళ్ల కిందటంటే సరిగ్గా అదే కాలం.

కాబట్టి వెళ్లగానే సంవత్సరం చూడు. కార్డు వెనక ఆటగాడి లెక్కల పట్టిక ఉంటుంది. చివరి వరస 1986 అని ఉంటే ఆ కార్డు మామూలుగా 1987లో వచ్చినట్టు. కొన్ని చూడగానే తెలిసిపోతాయి: చెక్క రంగు అంచుంటే 1987 టాప్స్, ఎర్ర అంచుంటే 1990 డాన్‌రస్, పసుపు అంచుంటే 1991 ఫ్లీర్. పై వరసలో పేర్చినవి మాత్రమే చూసి మురిసిపోవద్దు. ఎవరైనా మంచివి పైనే పెడతారు, లేదంటే అప్పటికే ఏరేసుకుని ఉంటారు. ప్రతి వరసలో మధ్యలోంచి, అడుగునుంచి పిడికెడు తీసి చూడు. తడి మరకలు, బూజు వాసన, రబ్బరు బ్యాండు కోసిన అంచులు ఉన్నాయేమో కూడా చూడు. మన డాలస్ ఎండకి గరాజ్‌లో కార్డులు విల్లులా వంగిపోతాయి.

నాలుగు వరసల పెట్టెలో 3,200 దాకా పడతాయి. రెండు పెట్టెలూ జంక్ వ్యాక్సే అయితే నేను 60, 70 డాలర్లు దాటను. అది కూడా బాబు ఆడుకుంటాడని. 1980, అంతకుముందువి ఓ గుప్పెడు కనిపిస్తే 150 ఇచ్చేయొచ్చు. పెద్దాయనతో మరీ గీచి గీచి బేరం వద్దు, పక్కింటాయన కదా.

జవాబు (అర్వింగ్ నుంచి):

బాబూ, ఒక్క మాట. మీరు హెచ్1బీ మీద ఉంటే మీ కంపెనీ పని తప్ప ఇంకోటి చేయకూడదు. ఇంట్లో వాడేసినవి అమ్ముకోవడం వేరు, లాభానికి పెట్టెలు కొని ఈబేలో కొట్టు నడపడం వేరు. మా ఆవిడ పేరు మీద చేద్దాం అనుకునేవాళ్లని కూడా చూశాను. ఆవిడ హెచ్4లో ఉండి ఈఏడీ (పనిచేసే అనుమతి) లేకపోతే అదీ కుదరదు. అలాంటి ఆలోచనుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. లాభం వస్తే ట్యాక్సులో చూపించాలి కూడా. పిల్లాడి సరదాకైతే ఏ టెన్షనూ లేదు.

ప్రశ్న అడిగినవారు:

థాంక్స్ అన్నా, అక్కా. వెళ్లి చూశాను. మీరన్నట్టే ఎక్కువ 1988 నుంచి 1991 లోపువి. 70కి ఇచ్చేశారు. నోలన్ రయాన్ అనే ఆయన కార్డులు బోలెడున్నాయి, మావాడు ఎగిరి గంతేస్తున్నాడు. మెరిసే కార్డులు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పుడు వీటిని ఎలా సర్దాలి? అన్నిటికీ కవర్లు కొనాలా?

జవాబు (ప్లేనో నుంచి):

రయాన్ కార్డులు రాకపోతేనే ఆశ్చర్యం. ఆయన పిచ్చర్, అంటే మన బౌలర్ లాంటివాడు. 1989 నుంచి 1993 దాకా మన టెక్సస్ రేంజర్స్ జట్టుకే ఆడాడు. ఏడో నో హిట్టర్, అంటే అవతలి జట్టుకి ఒక్క హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా ముగించిన ఆట, 1991 మే 1న ఆర్లింగ్టన్‌లోనే వేశాడు. వయసు 44! మొత్తం 5,714 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఆ రికార్డు ఇంకా ఎవరూ అందుకోలేదు. ఈ కార్డులకి పెద్ద ధర రాదు గానీ డాలస్ పిల్లల మధ్య మార్పిడికి మంచి సరుకు. ధర ఉండేది ఆయన 1968 టాప్స్ కార్డుకి, 177వ నంబరు, అందులో జెర్రీ కూస్మన్ అనే ఇంకో ఆటగాడి బొమ్మ కూడా కలిసి ఉంటుంది. అది మీ పెట్టెలో ఉంటుందని ఆశపడకు.

కవర్లు ఇప్పుడే కొనొద్దు. ముందు డైనింగ్ టేబుల్ ఖాళీ చేయి, చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి, లోషన్ రాసుకున్న చేత్తో ముట్టుకోవద్దు. మొదట కంపెనీ, సంవత్సరం చొప్పున కుప్పలు పెట్టండి, పేర్లు చదవొద్దు. పేర్లు చదవడం మొదలైతే ఆ రాత్రికి ఒక్క వరస కూడా తెమలదు. తర్వాత ఒక్కో కుప్పని వెనకున్న నంబరుతో వందలుగా, ఆ వందల్ని పదులుగా విడదీయండి. 1982 నుంచి 1992 దాకా టాప్స్ సెట్టుకి, అంటే ఒక ఏడాది వరసకి, 792 కార్డులు, అంటే ఎనిమిది కుప్పలు. తొమ్మిదేళ్ల పిల్లాడు నీకంటే వేగంగా చేస్తాడు. ఏ సెట్టులో ఏ కార్డులున్నాయో చెప్పే చెక్‌లిస్టులు ట్రేడింగ్ కార్డ్ డేటాబేస్ సైట్‌లో ఉచితంగా ఉంటాయి. ఏ నంబర్లు లేవో రాసుకోమను, ఆట అక్కడే మొదలవుతుంది.

నంబర్లు పేర్చేటప్పుడు కొన్ని పక్కన పెట్టు. 1989 అప్పర్ డెక్ 1వ నంబరు కెన్ గ్రిఫీ జూనియర్, 1990 లీఫ్ (ఇదీ ఓ కార్డుల బ్రాండే) 300వ నంబరు ఫ్రాంక్ థామస్. 1990 టాప్స్ 414లో అదే థామస్ పేరు ముందువైపు అచ్చు కాకపోతే మాత్రం కేక పెట్టు, అది నిజంగా అరుదు. 1989 ఫ్లీర్ 616, బిల్లీ రిప్కెన్ కార్డు దొరికితే బాబుకి ఇచ్చే ముందు బ్యాటు పిడి చివర చూడు, అక్కడ బూతు రాసి ఉండొచ్చు.

ఇలా ఏరినవాటికే కవర్లు. ముందు పల్చటి ప్లాస్టిక్ కవరు, పెన్నీ స్లీవ్ అంటారు, దాని మీద టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరు. ఊరికే టాప్‌లోడర్‌లో దూరిస్తే అంచులు గీసుకుపోతాయి. ధర చూడాలంటే ఈబేలో 'సోల్డ్' ఫిల్టర్ పెట్టు, నిజంగా అమ్ముడైనవే కనిపిస్తాయి. అమ్ముతామని పెట్టిన రేట్లు ఎంతైనా ఉంటాయి, జంక్ వ్యాక్స్ కార్డుకి లక్ష డాలర్లు పెట్టినవాళ్లూ ఉన్నారు. గ్రేడింగ్ జోలికి, అంటే కార్డు ఎంత బాగుందో చూసి పదికి మార్కులు వేయించుకోవడానికి, వెళ్లొద్దు. ఒక్కో కార్డుకి పదుల డాలర్లు తీసుకుంటారు, పదికి పది రాకపోతే ఫీజు కూడా తిరిగి రాదు.

అతుక్కుపోయినవాటిని గోళ్లతో లాగొద్దు. కట్టని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచి చూడు, కొన్ని వాటంతటవే విడిపోతాయి. విడిపోనివి వదిలెయ్.

డూప్లికేట్లు మాత్రం గుట్టగా మిగులుతాయి. హాలోవీన్ రోజు చాక్లెట్లతో పాటు ఓ పది కార్డులు కట్టగా కట్టి ఇవ్వండి, మా వీధిలో పిల్లలు వాటికోసం రెండోసారి కూడా వస్తారు. మీవాడి జట్టు కోచ్‌ని కూడా అడుగు. పెట్టెలు మాత్రం మళ్లీ గరాజ్‌లో పెట్టకు, పడగ్గది అలమరలో కింది అరకి చేర్చు.